ప్రయోగశాలలలో జీవభద్రత

ప్రయోగశాలలలో జీవభద్రత లేదా బయోసేఫ్టీ అనగా వ్యాధికారక సూక్ష్మజీవులతోను, వాటి విషాలతోను, రోగుల నుండి సేకరించిన నమూనాలతోను పనిచేసే చోట, ఆ పని వలన సిబ్బందికి, చుట్టుపక్కల ప్రజలకు, పశువులకు, పర్యావరణానికి హాని కలుగకుండా పాటించే పద్ధతులు, వాడే పరికరాలు, కట్టడ నియమాల సముదాయం. రక్తం, కఫం పరీక్షించే చిన్న ఆసుపత్రి ప్రయోగశాల మొదలుకొని ఎబోలా వంటి వైరస్‌లను పరిశోధించే కేంద్రాల వరకు అన్నింటికీ ఇది వర్తిస్తుంది.

ప్రయోగశాలలలో సోకిన వ్యాధులపై 20వ శతాబ్దంలో జరిగిన సర్వేలలో ఒక ముఖ్యమైన విషయం తేలింది. వ్యాధి సోకినవారిలో అధిక భాగం తమకు ఫలానా ప్రమాదం జరిగిందని చెప్పలేకపోయారు. సీసా పగలలేదు, సూది గుచ్చుకోలేదు. రోజూ చేసే పని చేస్తుండగానే వ్యాధి సోకింది. ఈ కారణం చేత జీవభద్రతలో ఖరీదైన కట్టడాలతో పాటు, వాటికంటె ముందుగా, దైనందిన పని అలవాట్లకు ప్రాధాన్యం ఉన్నది.

పదాల అర్థం

జీవభద్రత, జీవరక్షణ అనే రెండు పదాలను తరచు ఒకే అర్థంలో వాడుతుంటారు, కాని ఇవి వేరు. సూక్ష్మజీవుల నుండి మనుషులను కాపాడడం జీవభద్రత (బయోసేఫ్టీ). దురుద్దేశం గల మనుషుల చేతికి సూక్ష్మజీవులు చిక్కకుండా కాపాడడం జీవరక్షణ (బయోసెక్యూరిటీ). 2001లో అమెరికాలో దొమ్మ వ్యాధి (ఆంత్రాక్స్) బీజాలను ఉత్తరాలలో పెట్టి పంపగా 22 మందికి వ్యాధి సోకి, వారిలో 5 గురు మరణించారు. ఆ తరువాత నమూనాల లెక్క, తాళాలు, ప్రవేశానుమతులు వంటి జీవరక్షణ నియమాలు చాలా దేశాలలో కఠినమయ్యాయి.

అదే విధంగా హాని కలిగించగల గుణానికి, వాస్తవంగా హాని జరిగే అవకాశానికి తేడా ఉన్నది. క్షయ బాక్టీరియాకు హాని కలిగించే గుణం ఎల్లప్పుడూ ఉంటుంది. అది ఒక ఉద్యోగికి సోకే అవకాశం మాత్రం అతడు ఆ బాక్టీరియాతో ఏ పని చేస్తున్నాడు, ఎంత పరిమాణంలో, ఎటువంటి గాలి వెలుతురు గల గదిలో చేస్తున్నాడు అన్న వాటిపై ఆధారపడి ఉంటుంది. ఈ రెండవదానినే అపాయం అంటారు. జీవభద్రతా నియమాలు తగ్గించేది ఈ అపాయాన్నే.

చరిత్ర

తొలి మరణాలు

సూక్ష్మజీవులను ప్రయోగశాలలో పెంచడం 19వ శతాబ్దం చివరి భాగంలో మొదలయింది. ఆ వెంటనే ప్రయోగశాల వ్యాధులు కూడా మొదలయ్యాయి. 1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించినపుడు దానిని అధ్యయనం చేయడానికి 1897లో ఆస్ట్రియా నుండి ఒక వైద్య బృందం వచ్చింది. ఆ బృందం తమ వెంట వియన్నాకు ప్లేగు బాక్టీరియాను తీసుకుపోయింది. 1898 అక్టోబరులో వియన్నాలోని ప్రయోగశాల సేవకుడు ఒకరికి ఆ బాక్టీరియా సోకింది. అతడితో పాటు అతడికి చికిత్స చేసిన వైద్యుడు హెర్మన్ ముల్లర్, సేవ చేసిన ఒక నర్సు కూడా మరణించారు. ముల్లర్ బొంబాయికి వచ్చిన బృందంలో సభ్యుడు. ఆ మహమ్మారి నడుమ తిరిగి సురక్షితంగా ఇంటికి చేరిన వ్యక్తి. ప్రయోగశాలలో పుట్టిన వ్యాధి అక్కడితో ఆగక, ఆసుపత్రి వరకు రాగలదని ఈ సంఘటన తెలియజేసింది.

టైఫస్ జ్వరాన్ని పరిశోధించిన హోవర్డ్ రికెట్స్ 1910లో మెక్సికోలో, స్టానిస్లాస్ ప్రొవాజెక్ 1915లో జర్మనీలో అదే జ్వరంతో మరణించారు. టైఫస్‌ను కలిగించే బాక్టీరియాకు వీరిద్దరి పేర్లు కలిపి రికెట్సియా ప్రొవాజెకీ అని నామకరణం చేశారు. ఆ కాలంలో ఇటువంటి మరణాలను శాస్త్రజ్ఞుల త్యాగాలుగా భావించేవారే కాని, నివారించదగిన ప్రమాదాలుగా భావించేవారు తక్కువ.

శాస్త్రంగా ఎదుగుదల

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో క్యాంప్ డెట్రిక్ (తరువాతి పేరు ఫోర్ట్ డెట్రిక్) అనే సైనిక పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడ జీవాయుధాల కొరకు ప్రమాదకరమైన సూక్ష్మజీవులను పెద్ద మొత్తంలో పెంచేవారు. ఆ కేంద్రంలో భద్రతా విభాగాన్ని నడిపిన వైద్యుడు ఆర్నాల్డ్ వీడం. ఏ పని చేసినపుడు ఎన్ని సూక్ష్మజీవులు గాలిలోకి లేస్తాయో కొలిచి చూసే పద్ధతిని ఆయన బృందం అభివృద్ధి చేసింది. అందువలన వీడంను ఆధునిక జీవభద్రతకు ఆద్యుడిగా పరిగణిస్తారు. జీవభద్రతపై మొదటి సమావేశం 1955లో అక్కడే జరిగింది. హాని చేయడానికి నెలకొల్పిన చోటనే ప్రజలను కాపాడే శాస్త్రం రూపు దిద్దుకోవడం దీని చరిత్రలోని ఒక విశేషం.

ఇదే కాలంలో సల్కిన్, పైక్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని సుమారు 5,000 ప్రయోగశాలలకు ప్రశ్నపత్రాలు పంపి వివరాలు సేకరించారు. 1951లో వారు ప్రచురించిన సర్వేలో 1,342 వ్యాధి సంఘటనలు, 39 మరణాలు నమోదయ్యాయి. వీటిలో మూడింట రెండు వంతులు అంతకుముందు ఎక్కడా ప్రచురింపబడలేదు. పైక్ ఈ లెక్కలను కొనసాగించి 1976 నాటికి 3,921 సంఘటనలను సేకరించాడు. వీటిలో తెలిసిన ప్రమాదంతో ముడిపెట్టగలిగినవి 20 శాతం కంటె తక్కువ. బ్రూసెల్లోసిస్ (పశువులలో ఈసుడు రోగం), టైఫాయిడ్, క్షయ, కామెర్లు కలిగించే హెపటైటిస్, టులరేమియా వంటివి ఎక్కువగా సోకిన వ్యాధులు.

మార్గదర్శక గ్రంథాలు

1974లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూక్ష్మజీవులను వాటి ప్రమాద తీవ్రతను బట్టి వర్గీకరించింది. 1975లో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సమావేశమైన శాస్త్రజ్ఞులు జన్యు సంయోజన ప్రయోగాలకు తమంతట తామే హద్దులు నిర్ణయించుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయోగశాలల జీవభద్రత కరదీపిక మొదటి కూర్పును 1983లో, నాలుగవ కూర్పును 2020లో విడుదల చేసింది. అమెరికాలో ఇటువంటి మార్గదర్శక గ్రంథం 1984లో మొదటిసారి వెలువడింది.

వ్యాధి సోకే మార్గాలు

ప్రయోగశాలలో సూక్ష్మజీవులు శరీరంలోకి ప్రవేశించే మార్గాలు ప్రధానంగా నాలుగు.

* నోటి ద్వారా: పూర్వం ద్రవాలను కొలవడానికి గాజు పిపెట్టును నోటితో పీల్చేవారు. దీని వలన అనేకులకు టైఫాయిడ్ వంటి వ్యాధులు సోకాయి. 1957లో జర్మనీలోని మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో హైన్రిచ్ ష్నిట్గెర్ బొటనవేలితో నొక్కే సూక్ష్మ పిపెట్టును తయారు చేసిన తరువాత, నోటితో పీల్చే అలవాటు క్రమంగా తగ్గింది. ప్రయోగశాలలో తినడం, తాగడం, గోళ్ళు కొరకడం కూడా ఈ మార్గం క్రిందికే వస్తాయి.
* చర్మం ద్వారా: సూది గుచ్చుకోవడం, పగిలిన గాజు గీసుకోవడం, పెంపుడు జంతువులు కరవడం. 2004 మే నెలలో రష్యాలోని వెక్టర్ పరిశోధన కేంద్రంలో ఒక పరిశోధకురాలికి ఎబోలా వైరస్ ఉన్న సూది గుచ్చుకుని, ఆమె మరణించింది. వాడిన సూదికి తిరిగి మూత పెట్టరాదనే నియమం ఈ అపాయాన్ని తగ్గించడానికే.
* కంటి, ముక్కు పొరల ద్వారా: ద్రవం చిందడం, కలుషితమైన చేతితో కన్ను నలుపుకోవడం.
* శ్వాస ద్వారా: కంటికి కనిపించని సన్నని తుంపరలను పీల్చడం.

నాలుగవ మార్గమే అన్నింటికంటె కష్టమైనది. పరీక్షనాళిక మూత తీసినపుడు, ద్రవాన్ని గిరగిర తిప్పి కలిపినపుడు, పిపెట్టులోని చివరి బొట్టును ఊది వదిలినపుడు, తడిగా ఉన్న తీగను మంటలో పెట్టినపుడు, సెంట్రిఫ్యూజ్‌లో నాళిక పగిలినపుడు తుంపరలు లేస్తాయి. పెద్ద తుంపరలు బల్లపై పడతాయి. 5 మైక్రాన్ల కంటె చిన్నవి గాలిలో చాలాసేపు తేలుతూ, పీల్చినపుడు ఊపిరితిత్తుల లోతు వరకు చేరతాయి. వీటికి రంగు, వాసన ఉండవు. సర్వేలలో కారణం తెలియని సంఘటనలలో అధిక భాగం ఈ తుంపరల వలన జరిగినవేనని భావిస్తున్నారు. సూక్ష్మజీవులు పెరిగిన పళ్ళాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసనతో గుర్తించే పాత అలవాటు కూడా చాలామందికి బ్రూసెల్లోసిస్ సోకడానికి కారణమయింది.

అపాయ వర్గాలు

వ్యాధి తీవ్రత, వ్యాపించే తీరు, మందులు లేదా టీకాల లభ్యతలను బట్టి సూక్ష్మజీవులను నాలుగు వర్గాలుగా విభజించారు.

* మొదటి వర్గం: ఆరోగ్యవంతులకు సాధారణంగా వ్యాధి కలిగించనివి. ఉదాహరణ: రొట్టెల తయారీలో వాడే ఈస్టు.
* రెండవ వర్గం: వ్యాధి కలిగించగలవు, కాని చికిత్స లేదా నివారణ ఉన్నందున సమాజంలో వ్యాపించే అపాయం తక్కువ. ఉదాహరణ: స్టాఫిలోకాకస్, హెపటైటిస్-బి వైరస్.
* మూడవ వర్గం: తీవ్ర వ్యాధి కలిగిస్తాయి, కాని సాధారణంగా చికిత్స లేదా నివారణ ఉంటుంది. ఉదాహరణ: క్షయ, ప్లేగు బాక్టీరియాలు.
* నాలుగవ వర్గం: ప్రాణాంతకమైనవి, సులభంగా వ్యాపించగలవి, సాధారణంగా సరైన చికిత్స లేనివి. ఉదాహరణ: ఎబోలా, మార్బుర్గ్, నిపా వైరస్‌లు.

ఈ వర్గాలు అన్ని దేశాలలో ఒకే విధంగా ఉండవు. ఒక దేశంలో ఇంతకుముందే వ్యాపించి ఉన్న వ్యాధి, అది లేని మరొక దేశంలో పై వర్గంలో ఉండవచ్చు.

అపాయ అంచనా

సూక్ష్మజీవి ఏ వర్గానిదో తెలిసినంత మాత్రాన భద్రత ఏర్పడదు. పని మొదలు పెట్టడానికి ముందు ఆ పనిలో ఏ మెట్టు వద్ద ఏమి జరగవచ్చునో ఆలోచించి వ్రాసిపెట్టుకోవాలి. దీనిని అపాయ అంచనా అంటారు.

దీనికి క్షయ పరీక్షలు మంచి ఉదాహరణ. రోగి కఫాన్ని గాజు పలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్షను, గాలి ధారాళంగా వీచే గదిలో సరైన పద్ధతులు పాటిస్తూ సాధారణ ఆసుపత్రిలోనే చేయవచ్చును. అదే బాక్టీరియాను పోషక ద్రవంలో పెంచి, మందులకు లొంగుతుందో లేదో పరీక్షించేటపుడు ఒక్క నాళికలోనే కోట్ల కొలది బాక్టీరియా ఉంటుంది. ఆ నాళిక పగిలితే కలిగే ఫలితం వేరు. అందువలన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో వెలువరించిన క్షయ ప్రయోగశాలల కరదీపికలో బాక్టీరియా పేరును బట్టి కాక, చేసే పనిని బట్టి తక్కువ, మధ్యస్థ, ఎక్కువ అపాయం గల ప్రయోగశాలలుగా విభజించింది.

పనిచేసే మనిషి ఆరోగ్యం కూడా ఈ అంచనాలో భాగమే. 2009లో చికాగోలో ఒక శాస్త్రజ్ఞుడు బలహీనపరచిన ప్లేగు బాక్టీరియాతో పనిచేస్తూ ఆ వ్యాధితోనే మరణించాడు. ఇనుమును సరిగా గ్రహించలేనందున ఆ బాక్టీరియా బలహీనపడింది. మనిషికి వ్యాధి కలిగించదని భావించేవారు. మరణానంతర పరీక్షలో ఆ శాస్త్రజ్ఞునికి శరీరంలో ఇనుము అధికంగా చేరే వంశపారంపర్య వ్యాధి ఉన్నట్లు తెలిసింది. బాక్టీరియాకు కొరవడిన ఇనుము ఆయన శరీరంలోనే సమృద్ధిగా దొరికి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం. తనకు ఆ వ్యాధి ఉన్న సంగతి ఆయనకు తెలియదు. గర్భిణులు, మధుమేహం ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు తమ స్థితిని నిస్సంకోచంగా చెప్పుకోగలిగే ఏర్పాటు ప్రయోగశాలలో ఉండవలసిన అవసరం ఇందువలననే ఏర్పడుతుంది.

జీవభద్రతా స్థాయిలు

ప్రయోగశాలలను నాలుగు స్థాయిలుగా విభజించారు. వీటిని బీఎస్‌ఎల్-1 నుండి బీఎస్‌ఎల్-4 వరకు పిలుస్తారు. పై స్థాయిలో క్రింది స్థాయి నియమాలన్నీ కలిసి ఉంటాయి.

* మొదటి స్థాయి: కళాశాలల్లోని బోధన ప్రయోగశాలల వంటివి. చేతులు కడుగుకునే తొట్టి, సులభంగా శుభ్రం చేయగల బల్లలు, కోటు, చేతి తొడుగులు సరిపోతాయి.
* రెండవ స్థాయి: చాలా ఆసుపత్రి ప్రయోగశాలలు ఈ స్థాయివి. తలుపు వద్ద జీవాపాయ చిహ్నం, బయటివారికి ప్రవేశ నిషేధం, తుంపరలు లేచే పనులకు జీవభద్రతా క్యాబినెట్, దగ్గరలో ఆటోక్లేవ్ ఉంటాయి.
* మూడవ స్థాయి: ఒకదాని తరువాత ఒకటిగా రెండు తలుపులు దాటి లోపలికి వెళ్ళాలి. లోపలి గాలి పీడనం బయటికంటె తక్కువగా ఉంచుతారు. తలుపు తెరచినా గాలి లోపలికే వీస్తుంది, బయటికి రాదు. బయటికి పంపే గాలిని సాధారణంగా వడపోస్తారు. సూక్ష్మజీవులతో చేసే పనులన్నీ క్యాబినెట్ లోపలనే చేస్తారు.
* నాలుగవ స్థాయి: సిబ్బంది బయటి నుండి గొట్టం ద్వారా గాలి అందే పూర్తి దేహ కవచం ధరిస్తారు, లేదా పూర్తిగా మూసిన క్యాబినెట్‌లో చేతి తొడుగుల ద్వారా పనిచేస్తారు. కవచం ధరించినవారు బయటికి వచ్చేటపుడు రసాయన స్నానం తప్పనిసరి. గాలితో పాటు మురుగు నీటిని కూడా శుద్ధి చేసిన తరువాతనే వదులుతారు.

అపాయ వర్గం, జీవభద్రతా స్థాయి ఒకటి కావు. మొదటిది సూక్ష్మజీవికి, రెండవది ప్రయోగశాలకు చెందినది. ఈ గందరగోళాన్ని తొలగించడానికే 2020 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ కరదీపిక స్థాయి సంఖ్యలకు ప్రాధాన్యం తగ్గించి, అందరూ పాటించవలసిన మూల నియమాలు, అవసరాన్ని బట్టి చేర్చవలసిన అదనపు జాగ్రత్తలు, గరిష్ఠ నియంత్రణ అనే క్రమాన్ని ప్రతిపాదించింది.

ముఖ్యమైన పరికరాలు

జీవభద్రతా క్యాబినెట్

ఇది ముందు భాగంలో గాజు తలుపు గల పెట్టె. ఇందులో మూడు తరగతులు ఉన్నాయి. ఎక్కువగా వాడే రెండవ తరగతి క్యాబినెట్‌లో గాలి ముందు నుండి లోపలికి వీస్తూ పనిచేసేవారిని కాపాడుతుంది. పై నుండి వడపోసిన గాలి దిగుతూ నమూనాను కాపాడుతుంది. బయటికి పోయే గాలి కూడా వడపోత గుండా పోతూ పరిసరాలను కాపాడుతుంది. ఇందులో వాడే హెపా వడపోత 0.3 మైక్రాన్ల రేణువులలో కనీసం 99.97 శాతాన్ని ఆపుతుంది.

చూడడానికి దీనివలెనే ఉండే లామినార్ ఫ్లో బల్ల వేరు. అది వడపోసిన గాలిని నమూనా మీదుగా పనిచేసేవారి ముఖంపైకి వదులుతుంది. నమూనా శుభ్రంగా ఉంటుంది కాని మనిషికి రక్షణ ఉండదు. వ్యాధికారక జీవులతో ఆ బల్లపై పనిచేయడం బహిరంగ బల్లపై చేయడం కంటె ప్రమాదకరం. క్యాబినెట్ కూడా సరిగా వాడినపుడే పనిచేస్తుంది. ముందు జాలీపై కాగితాలు పెట్టడం, చేతులను వేగంగా లోపలికి, బయటికి ఆడించడం, వెనుక నుండి మనుషులు నడవడం, ఎదురుగా ఫ్యాను తిరగడం వంటివి గాలి తెరను చెదరగొడతాయి. సంవత్సరానికి ఒకసారైనా దీనిని పరీక్షింపజేయాలి.

ఆటోక్లేవ్

ఇది పీడనం గల ఆవిరితో సూక్ష్మజీవులను చంపే పరికరం. వంటింటి ప్రెషర్ కుక్కర్ పనిచేసే సూత్రమే దీనికి ఆధారం. సాధారణంగా 121 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 15 నిమిషాలు ఉంచుతారు. వ్యర్థాల మూటలకు ఇంకా ఎక్కువ సమయం కావాలి. గడియారం చూపిన సమయం ముగిసినంత మాత్రాన లోపలి వస్తువు మధ్య భాగం వరకు వేడి చేరినట్లు కాదు. అందువలన వేడిని బాగా తట్టుకునే బాక్టీరియా బీజాలను లోపల పెట్టి, అవి చనిపోయాయో లేదో పరీక్షిస్తారు.

క్రిమిసంహారకాలు

సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, 70 శాతం ఆల్కహాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఆల్కహాలు బాక్టీరియా బీజాలను చంపలేదు. హైపోక్లోరైట్ నిలవ ఉన్నకొద్దీ, ఎండ తగిలినకొద్దీ బలం కోల్పోతుంది. కనుక సీసాపై తయారీ తేదీ వ్రాయడం కూడా భద్రతలో భాగమే.

నమూనా ఒలికినపుడు

వ్యాధికారక ద్రవం ఒలికినపుడు వెంటనే తుడవడం సరికాదు. తుడిచినపుడు మళ్ళీ తుంపరలు లేస్తాయి. సాధారణంగా పాటించే క్రమం ఈ విధంగా ఉంటుంది.

* దగ్గర ఉన్నవారికి తెలియజేసి, తుంపరలు లేచి ఉంటే గదిని ఖాళీ చేయాలి.
* చేతి తొడుగులు, కోటు, ముఖ రక్షణ ధరించాలి.
* ఒలికిన చోటును గుడ్డతో లేదా కాగితంతో కప్పి, అంచు నుండి మధ్యకు క్రిమిసంహారకం పోయాలి.
* తగినంత సేపు, సాధారణంగా 30 నిమిషాలు, అలాగే వదిలివేయాలి.
* పగిలిన గాజును చేతితో కాక పట్టకారుతో తీయాలి.
* జరిగినది వ్రాతపూర్వకంగా నమోదు చేయాలి.

తిరుగుతున్న సెంట్రిఫ్యూజ్‌లో నాళిక పగిలిందని అనుమానం కలిగితే, దానిని ఆపి, తుంపరలు అణగడానికి 30 నిమిషాలు మూత తీయకుండా ఉంచాలి. చివరి అంశమైన నమోదును చాలామంది భయం చేత వదిలివేస్తారు. నింద పడుతుందని దాచిన సంఘటన వలన చికిత్సకు అవసరమైన విలువైన సమయం పోతుంది. అదే తప్పు మరొకరికి జరిగే అవకాశం మిగిలిపోతుంది.

ప్రముఖ సంఘటనలు

మార్బుర్గ్, 1967: పోలియో టీకా తయారీ కొరకు ఉగాండా నుండి తెచ్చిన కోతుల అవయవాలతో పనిచేసిన సిబ్బందికి జర్మనీలోని మార్బుర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో, యుగోస్లావియాలోని బెల్‌గ్రేడ్‌లో అంతకుముందు తెలియని వ్యాధి సోకింది. వారి ద్వారా ఇతరులకు సోకిన వ్యాధితో కలిపి మొత్తం 31 మందిలో 7 గురు మరణించారు. ఆ వైరస్‌కు మార్బుర్గ్ పేరే స్థిరపడింది.

బర్మింగ్‌హాం, 1978: సహజంగా సోకిన చివరి మశూచి సంఘటన 1977లో సోమాలియాలో నమోదయింది. మరుసటి సంవత్సరం ఇంగ్లండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జానెట్ పార్కర్ అనే ఫొటోగ్రాఫర్‌కు మశూచి సోకి, 1978 సెప్టెంబరు 11న ఆమె మరణించింది. ఆమె మశూచితో పనిచేయలేదు. మశూచి ప్రయోగశాలకు పై అంతస్తులో పనిచేసేది. ఆమె తల్లికి కూడా వ్యాధి సోకి నయమయింది. ప్రయోగశాల అధిపతి ప్రొఫెసర్ హెన్రీ బెడ్సన్ ఆత్మహత్య చేసుకున్నాడు. వైరస్ ఆమెను ఏ మార్గంలో చేరిందో నిర్ద్వంద్వంగా తేలలేదు. మశూచితో మరణించిన చివరి వ్యక్తి ఆమె. ఆ తరువాత ప్రపంచంలోని మశూచి నిల్వలను అమెరికాలోని అట్లాంటా, రష్యాలోని కోల్ట్‌సోవోలలో గల రెండు కేంద్రాలకే పరిమితం చేశారు. అయినప్పటికీ 2014లో అమెరికాలోని బెథెస్డాలో ఒక పాత శీతల గదిలో ఎవరికీ గుర్తులేని మశూచి సీసాలు బయటపడ్డాయి.

స్వెర్డ్లోవ్‌స్క్, 1979: సోవియట్ యూనియన్‌లోని ఈ నగరంలో ఒక సైనిక కేంద్రం నుండి దొమ్మ వ్యాధి బీజాలు గాలిలోకి విడుదలై కనీసం 66 మంది మరణించారు. చెడిన మాంసం కారణమని ప్రభుత్వం చెప్పింది. 1992లో అధ్యక్షుడు ఎల్ట్‌సిన్ సైనిక కేంద్రమే కారణమని అంగీకరించాడు. మృతులు ఆనాడు గాలి వీచిన దిశలో ఒక సన్నని పట్టీ వెంబడి ఉన్నట్లు తరువాతి పరిశోధనలో తేలింది.

సార్స్, 2003-2004: సార్స్ వ్యాధి వ్యాప్తి 2003 జూలైలో ఆగిపోయింది. ఆ తరువాత సింగపూర్, తైపీ, బీజింగ్‌లలో ప్రయోగశాలల నుండే మళ్ళీ సోకింది. సింగపూర్ విద్యార్థి పనిచేసింది వేరొక వైరస్‌పై. అతడు వాడిన నమూనాలో సార్స్ వైరస్ కలిసి ఉన్నది. తైపీ పరిశోధకుడు నాలుగవ స్థాయి ప్రయోగశాలలో ఒలికిన వ్యర్థాన్ని శుభ్రం చేస్తుండగా వ్యాధికి గురయ్యాడు. బీజింగ్‌లో వైరస్‌ను పూర్తిగా చంపకుండానే చనిపోయిందని భావించి వాడారు. 9 మందికి సోకగా, వ్యాధి సోకిన పరిశోధకురాలి తల్లి మరణించింది.

పిర్‌బ్రైట్, 2007: ఇంగ్లండులోని ఈ పరిశోధన ప్రాంగణంలో మురుగు గొట్టం పాడవడం వలన గాలికుంటు వ్యాధి వైరస్ బయటికి వచ్చి సమీప పశువులకు సోకిందని విచారణలో భావించారు.

లాన్‌జౌ, 2019: చైనాలోని ఈ నగరంలో పశువుల బ్రూసెల్లోసిస్ టీకా తయారుచేసే కర్మాగారంలో గడువు తీరిన క్రిమిసంహారకం వాడారు. బాక్టీరియా పూర్తిగా చావక, పొగగొట్టం గాలితో కలిసి బయటికి వచ్చింది. 10 వేల మందికి పైగా వ్యాధి సోకినట్లు పరీక్షలలో తేలింది.

ఈ సంఘటనలలో కొన్ని అత్యున్నత స్థాయి కేంద్రాలలో జరిగాయి. పాడయిన గొట్టం, గడువు తీరిన మందు, సరిచూడని నమూనా వంటి చిన్న లోపాలే వీటిలో చాలావాటికి కారణాలు.

భారతదేశంలో జీవభద్రత

1957లో ఇప్పటి కర్ణాటకలోని షిమోగా ప్రాంతంలో క్యాసనూర్ అటవీ వ్యాధి (కోతి జ్వరం) వైరస్‌ను కనుగొన్నారు. పూణేలోని వైరస్ పరిశోధన కేంద్రం దీనిని అధ్యయనం చేసింది. ఈ వైరస్ ప్రయోగశాల సిబ్బందికి కూడా సోకిన సంఘటనలు నమోదయ్యాయి. ఆ కేంద్రమే తరువాత జాతీయ వైరాలజీ సంస్థగా మారింది. 2012లో అక్కడ నాలుగవ స్థాయి ప్రయోగశాల ప్రారంభమయింది. 2018లో కేరళలో నిపా వ్యాధి నిర్ధారణకు ఈ సంస్థ సేవలు ఉపయోగపడ్డాయి. పశువుల వ్యాధుల కొరకు భోపాల్‌లో అధిక భద్రత గల ప్రయోగశాల ఉన్నది.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) 2020లో కరోనా వైరస్‌ను ప్రయోగశాలలో పెంచింది. హైదరాబాదు సమీపంలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ సంస్థ కోవాక్సిన్ టీకాను మూడవ స్థాయి సౌకర్యంలో తయారు చేసింది. ఈ టీకాలో చంపిన వైరస్ ఉంటుంది. చంపడానికి ముందు సజీవ వైరస్‌ను పెద్ద పరిమాణంలో పెంచవలసి ఉంటుంది. కనుక టీకా పొందేవారికి నిరపాయమైన ఈ పద్ధతిలో తయారీ సిబ్బందికి మాత్రం గట్టి భద్రత అవసరం.

1986 పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద 1989లో ప్రమాదకర సూక్ష్మజీవులకు, జన్యుమార్పిడి జీవులకు సంబంధించిన నియమాలు వచ్చాయి. వీటి ప్రకారం ఇటువంటి పరిశోధన జరిపే ప్రతి సంస్థలోను ఒక జీవభద్రతా సంఘం ఉండాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు వ్యర్థాలను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులుగా వేరు చేయాలని నిర్దేశించాయి. ప్రయోగశాలలో పెంచిన సూక్ష్మజీవులను, రక్త నమూనాలను అక్కడే శుద్ధి చేసిన తరువాతనే బయటి వ్యర్థ నిర్వహణ కేంద్రానికి ఇవ్వాలి. ఈ నియమం వ్యర్థాలను మోసే కార్మికులకు ముఖ్యమైన రక్షణ.

పరిమితులు, వాదాలు

ఉన్నత స్థాయి ప్రయోగశాలల నిర్మాణం, నిర్వహణ ఎంతో ఖరీదైనవి. గాలి వడపోతలు, పీడన యంత్రాలు, విద్యుత్తు నిరంతరం పనిచేయాలి. నిర్వహణకు నిధులు, శిక్షణ పొందిన సిబ్బంది లేకపోతే మూడవ స్థాయి అన్న పేరు తలుపుపైనే మిగులుతుంది. ఇటువంటి చోట్ల, బాగా నిర్వహించే రెండవ స్థాయి ప్రయోగశాలలే మేలన్న అభిప్రాయం ఉన్నది.

వైరస్‌ల వ్యాప్తి శక్తిని పెంచే ప్రయోగాలు అవసరమా అన్న విషయంపై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. 2019 చివర చైనాలోని ఊహాన్‌లో బయటపడిన కోవిడ్-19 మూలం గురించి కూడా వివాదం ఉన్నది. అది జంతువుల నుండి సహజంగా వచ్చిందని పలువురు శాస్త్రజ్ఞులు భావిస్తుండగా, ప్రయోగశాల నుండి వచ్చి ఉండవచ్చునన్న వాదం కూడా కొనసాగుతున్నది.

ప్రయోగశాలలలో సోకిన వ్యాధులను తప్పనిసరిగా నమోదు చేసే అంతర్జాతీయ వ్యవస్థ ఏదీ లేదు. సల్కిన్, పైక్‌ల సర్వేలో మూడింట రెండు వంతుల సంఘటనలు అప్పటివరకు వెలుగు చూడకపోయినట్లే, నమోదు కాని సంఘటనలు నేటికీ ఉంటాయి. వీటిని బయటపెట్టినవారిని దండించక, వారి అనుభవం నుండి నేర్చుకునే పద్ధతి జీవభద్రతకు అవసరమని నిపుణులు చెబుతున్నారు.

ఇవి కూడా చూడండి

* సూక్ష్మజీవశాస్త్రం
* మశూచి
* క్షయ
* టీకా
* జీవవైద్య వ్యర్థాలు